నాగభూషణం బావ కొసరు

మా బావ నాగభూషణానికి ఏ మిషన్ మీదా ఒక్కసారికి నమ్మకం కుదరదు. కరోనా రోజుల్లో మార్కాపురం బస్టాండు దగ్గర ఒకతను అందరి నుదుటికీ తుపాకీ లాంటి థర్మామీటరు గురిపెడుతుంటే, బావ తన అంకె చూపించమని పట్టుబట్టాడు. ముప్పై నాలుగు డిగ్రీలని ఉంది. "దీని లెక్కన నేను చచ్చి రెండు గంటలైంది. మా బామ్మర్దికి ఫోన్ చేసి చెప్పు," అని అక్కడే అరుగు మీద కూర్చున్నాడు. వెనక వరస మొత్తం ఆగిపోయింది. ఆ వరసలో నేనూ ఉన్నాను కాబట్టి అతనికి ఫోన్ ఖర్చు తప్పింది.

ఆ బామ్మర్దిని నేనే. మార్కాపురంలో నాది స్టీలు సామాన్ల దుకాణం. మా అక్క రామతులసమ్మను ఆయనకిచ్చి ముప్పై రెండేళ్లయింది. ఈ ముప్పై రెండేళ్లలో ఆయన నా దగ్గర కొన్న ప్రతి లీటరు చెంబునూ ఇంటికి తీసుకుపోయి కొలిచాడు. లీటరు పట్టడం లేదని నాలుగుసార్లు తిరిగి తెచ్చాడు. నాలుగుసార్లూ ఆయన చెప్పిందే నిజమైంది. ఆయనంటే నాకు కోపం ఎక్కువ కావడానికి అదే కారణం. తప్పు చెప్పే మనిషితో ఎంతసేపైనా వేగవచ్చు గానీ, నలుగురు కొనుగోలుదార్ల ముందు ఒప్పు చెప్పే మనిషితో వేగడం కష్టం.

ఇంట్లోనూ అంతే. బీపీ చూసే మిషన్ కొంటే దాన్ని డాక్టరు దగ్గరికి తీసుకుపోయి, ఆయన పాదరసం మిషన్ పక్కన పెట్టి, రెండు చేతులకూ రెండూ కట్టించుకుని వచ్చాడు. "నాకు బీపీ ఉందో లేదో తెలియదురా. మిషన్‌కి మాత్రం నాలుగు పాయింట్లు ఎక్కువ ఉంది," అన్నాడు. మా అక్క ఆ నాలుగూ తీసేసి చదువుకోవడం నేర్చుకుంది.

ఈ గుణం ఆయనకు తండ్రి దగ్గర నుంచి వచ్చింది. వాళ్ల నాయన చెన్నకేశవులు శెట్టికి మార్కాపురంలోనే గుడి వీధిలో చిల్లర దుకాణం ఉండేది. పొద్దున్నే తలుపులు తీయగానే మొదట కాటా చూసేవాడు. ఖాళీ తక్కెళ్లు నిలకడగా నిలిస్తేనే బేరం మొదలు. వారానికోసారి ఒకే రాయిని ఈ తక్కెట్లోంచి ఆ తక్కెట్లోకి మార్చి చూసేవాడు. తూకం అంత సూటిగా చూసిన మనిషి, తూచాక మాత్రం కందిపప్పయితే ఒక గుప్పెడు, నూనె అయితే ఒక వొంపు అదనంగా వేసేవాడు. కొసరు లేకుండా సరుకు ఇవ్వడమంటే మా ఇళ్లలో మంచినీళ్లు ఇవ్వకుండా చుట్టాన్ని పంపించినట్టు. బావ పదేళ్ల వయసు నుంచి ఆ దుకాణంలో కూర్చున్నాడు. నూనె డబ్బా దగ్గర నిలబడేది ఆయనే.

ఆ దుకాణం నాయనతోనే పోయింది. బావ ఎలక్ట్రానిక్స్ చదువుకుని టీవీలు బాగుచేసే షాపు పెట్టాడు. టీవీ పాడైతే పారేసి కొత్తది కొనే రోజులు వచ్చాక అదీ మూతపడింది. యాభై మూడేళ్ల వయసులో, ఇక ఈయన నా దుకాణంలో కూర్చుని నా చెంబులన్నీ కొలుస్తాడేమోనని నేను భయపడుతుండగా, ఆయనకు పుట్టుకతోనే రాసిపెట్టినట్టున్న పని ఒకటి దొరికింది. వాన కొలిచే పెట్టెలను సరిచూసే పని.

ఒక కంపెనీ మా పడమటి మండలాల్లో ఈ పెట్టెలు పెట్టింది. ఊళ్లో వాన ఎంత పడిందో పెట్టె లెక్కపెట్టి పంపిస్తుంది. తొలకరిలో వాన యాభై మిల్లీమీటర్లు దాటితే, ఇక కంది విత్తుకోవచ్చని ఆ ఊరి రైతుల ఫోన్లకు మెసేజ్ వస్తుంది. తర్లుపాడు నుంచి పుల్లలచెరువు అడవి అంచు దాకా, ఇటు వెలిగండ్ల వైపు కూడా కలిపి పద్నాలుగు పెట్టెలు బావ చేతికి వచ్చాయి. పాత బైకు మీద ఒక సంచి, ఒక నీళ్ల క్యాను, ఒక ల్యాప్‌టాప్ వేసుకుని మూడేళ్లుగా తిరుగుతున్నాడు.

పెట్టె లోపల పెద్ద మర్మమేమీ లేదు. పైన గరాటు. దాని కింద రెండు చిన్న దోనెలు, పిల్లలు ఎక్కి ఊగే బల్లకు రెండు కొసల్లాగా ఉంటాయి. వాన నీళ్లతో ఒక దోనె నిండగానే అటు ఒరిగి పారబోస్తుంది, రెండోది గరాటు కిందికి వస్తుంది. ఒరిగిన ప్రతిసారీ టక్కుమంటుంది. పక్కనున్న లాగర్ అనే చిన్న డబ్బా ఆ టక్కులను లెక్కపెట్టి దాచుకుంటుంది. ఐదు టక్కులకు ఒక మిల్లీమీటరు వాన.

దోనె ఎన్ని చుక్కలకు ఒరగాలో సరిచేయడమే బావ పని. గీతలున్న పొడవాటి గాజు సిలిండర్‌లో ఆరువందల ఇరవై ఎనిమిది మిల్లీలీటర్ల నీళ్లు కొలిచి, ఒక సీసాలో పోసి, అరగంటకు పైగా సన్నని ధారగా గరాటులోకి వదలాలి. లాగర్ సరిగ్గా వంద లెక్కపెట్టాలి. నూట మూడు వస్తే దోనెల కింది మరలు కాస్త దించాలి, తొంభై ఏడు వస్తే ఎత్తాలి. మళ్లీ నీళ్లు, మళ్లీ అరగంట. తొంభై తొమ్మిది వచ్చినా బావ వదిలేవాడు కాదు. "వంద అంటే వందేరా. తొంభై తొమ్మిదిని వంద అనేది గవర్నమెంటు బస్సులో చిల్లర లేని కండక్టరు మాత్రమే," అనేవాడు.

కొన్ని పెట్టెలకు ఎండ వేడిమి చూసే తీగ కూడా ఉంటుంది. దాన్ని సరిచూడాలంటే సున్నా డిగ్రీలు కావాలి. కరుగుతున్న మంచు ముక్కల్లో తీగ ముంచితే సున్నా చూపించాలన్నమాట. మే నెలలో వెలిగండ్ల పోవాలంటే బావ ముందుగా జ్యూసు బండి దగ్గర ఆగి, ఫ్లాస్కు నిండా ఐసు దంచి పోయించుకునేవాడు. "యాడికి శెట్టీ, పెళ్లికా?" అని బండివాడు అడిగితే, "సున్నా తీసుకుపోతున్నా," అనేవాడు. సున్నాను ఫ్లాస్కులో మోసుకు తిరిగే మనిషికి పిల్లనిచ్చామని నేను మా అక్కతో అనేవాణ్ణి. అక్క నవ్వేది. ఆ మూడేళ్లూ ఆ ఇంట్లో నవ్వు ఎక్కువగా వినబడింది, అది మాత్రం నేను ఒప్పుకోవాలి.

నిరుడు జూన్ నెలాఖరులో చిక్కు వచ్చింది.

తర్లుపాడు మండలంలో ఒక ఊరి బడి ఆవరణలో బావ పెట్టె ఒకటి ఉంది. దాని పక్కనే మాలకొండమ్మ చేను, నాలుగెకరాలు. డెబ్బైకి దగ్గరపడిన మనిషి, ఇంకా తానే గట్టు మీద నిలబడి సేద్యం చేయిస్తుంది. అప్పుడు రెండు రోజులు వాన పడింది. ఆమె చేలోకి దిగి వేళ్లతో మన్ను గుచ్చి చూసి, విత్తనానికి కావలసిన పదును, అంటే తడి, చాలినంత దిగిందని కంది విత్తించేసింది. ఆ ఊళ్లో మిగతావాళ్లు ఫోన్లు చూసుకుంటూ కూర్చున్నారు. మెసేజ్ రాలేదు. పెట్టె నలభై ఎనిమిదిన్నర దగ్గరే ఆగిపోయింది. నాలుగు రోజులు పడమటి గాలి తోలి పదును ఆరిపోయింది. మళ్లీ వాన పడటానికి పద్దెనిమిది రోజులు పట్టింది.

మాలకొండమ్మ బావకు ఫోన్ చేసింది. "శెట్టీ, నీ పెట్టె మా వాన తింటా ఉంది," అంది.

"అట్ల ఎట్ల తింటుందక్కా? మే నెల్లోనే గదా చూసి పోయినా. వందకు వంద చెప్పింది."

"నీ వంద సంగతి నాకు తెలవదు. నా చేతివేళ్లు అబద్ధం చెప్పవు. ఊళ్లో అందరి కందీ ఎనకబడింది. నాది మోకాలికి వచ్చింది, వాళ్లది ఇంకా మొలకే. నా మొహం చూడాలంటే వాళ్లకు ఒళ్లు మంట."

బావ ఆ రోజు నా దుకాణానికి వచ్చి గంటసేపు వేళ్ల మీదా పెట్టెల మీదా ఉపన్యాసం ఇచ్చాడు. మనిషి వేలుకు గీతలుంటాయా అని అడిగాడు. నేను ఆయన పక్షమే మాట్లాడాను. ఈ ముసలమ్మలకు మిషన్లంటే పడదని కూడా అన్నాను.

రెండు వారాలకు కంపెనీ వాళ్లు మొదటిసారి పెట్టెలన్నిటినీ తనిఖీ చేయడానికి ఒక అమ్మాయిని పంపించారు. పేరు వైష్ణవి. గిద్దలూరు పిల్ల, ఇంజనీరు, పాతికేళ్లుంటాయి. ఆమె తెచ్చుకున్న సీసా సీలు వేసినది. లోపల ఎంత నీళ్లుండాలో అంతే పడుతుంది, కొలిచే పని లేదు. తర్లుపాడు పెట్టెలో ఆ నీళ్లు వదిలితే లాగర్ తొంభై ఐదు చెప్పింది. బావ ముఖం మాడిపోయింది. పుల్లలచెరువులో తొంభై ఐదు. వెలిగండ్లలో తొంభై ఐదు. నాలుగు రోజుల్లో పద్నాలుగు పెట్టెలూ చూశారు. పద్నాలుగూ అదే అంకె. అంటే వంద చుక్కల వానలో ఐదు చుక్కలు లెక్కకు రావడం లేదు. మాలకొండమ్మ ఊళ్లో ఆ రెండు రోజులూ పడింది యాభై ఒకటి. పెట్టె చెప్పింది నలభై ఎనిమిదిన్నర.

"ఒక పెట్టె తప్పితే పెట్టె తప్పనుకోవచ్చు బాబాయ్. అన్నీ ఇట్ల ఒకే తీరుగా తప్పినాయంటే..." అని వైష్ణవి ఆగింది.

"మనిషి తప్పు," అన్నాడు బావ.

ఆమె మర్యాద తెలిసిన పిల్ల. అయినా చెప్పవలసింది చెప్పింది. నెలాఖరుకు బావ కాంట్రాక్టు అయిపోతుంది. ఈలోగా కారణం దొరకకపోతే పని ఇంకొకరికి ఇస్తారు. మూడేళ్లలో ఆ పద్నాలుగు పెట్టెలు రాసుకున్న వాన రికార్డంతా పనికిరాదని కొట్టేస్తారు. పని పోవడం గురించి బావ ఒక్క మాట అడగలేదు. "మూడేళ్ల వాన కొట్టేస్తారా?" అని మాత్రం రెండుసార్లు అడిగాడు.

తర్వాతి వారం ఆ ఇంట్లో అన్నం సహించిన వాళ్లు లేరు. బావ సిలిండర్‌ను బంగారం కొట్టుకు తీసుకుపోయి, మిల్లీగ్రాములు చూపే కాటా మీద నీళ్లతో తూచాడు. గీతకు గీత సరిపోయింది. లాగర్‌ను వంటింటి గట్టు మీద పెట్టి, దోనె టక్కును దానికి అందించే స్విచ్చును చేత్తో వెయ్యిసార్లు తాకించాడు. లెక్క తప్పకుండా ఉండటానికి మా అక్క పక్కన కూర్చుని తానూ లెక్కపెట్టింది. లాగర్ వెయ్యి చెప్పింది, అక్క తొమ్మిదివందల తొంభై ఎనిమిది చెప్పింది, మధ్యలో పాలు పొంగాయి కాబట్టి. ఎండకు నీళ్లు ఆవిరవుతున్నాయేమో చూశాడు. స్తంభం ఒరిగిందేమో మట్టం పెట్టి చూశాడు. విడివిడిగా అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అన్నీ కలిపితే ఐదు తక్కువ. మనిషి చిక్కిపోయాడు. నా దుకాణానికి వచ్చి కొత్త చెంబుల వరస పక్కన కూర్చుని, ఒక్కదాన్ని కూడా చేతిలోకి తీసుకోలేదు. ఆయన్ని అట్లా చూడటం నా వల్ల కాలేదు. నాకు నిజంగా బాధేసింది.

"పద బావా," అన్నాను. "తర్లుపాడు పోదాం. మొదటి నుంచి చివరి దాకా ఇంకొక్కసారి చెయ్యి. నేను పక్కనుండి చూస్తా."

నా వ్యానులో పోయాం. బడికి సెలవు. మాలకొండమ్మ చేలోంచి మమ్మల్ని చూసి వచ్చి, బడి అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. నేను పెట్టె పక్కన నిలబడి బావ చేతులనే చూస్తున్నాను. క్యానులోంచి మగ్గులోకి నీళ్లు తీసుకున్నాడు. సిలిండర్‌లో పోశాడు. కళ్లను గీతకు సమానంగా దించి, చివరి చుక్కలు చుక్కచుక్కగా వేశాడు. ఆరువందల ఇరవై ఎనిమిది. సీసాలోకి వొంపాడు. సిలిండర్‌ను విదిలించాడు. మగ్గులోంచి కొంచెం నీళ్లు అందులో వేసి, గుండ్రంగా ఒక్కసారి తిప్పి, అదీ సీసాలో పోసి మూత పెట్టాడు. ధార వదిలాడు. ముప్పావుగంట ముగ్గురం టక్కులు వింటూ కూర్చున్నాం. లాగర్ వంద చెప్పింది.

"చూడరా, వంద!" అని బావ నా మీద అరిచాడు, నేనేదో కాదన్నట్టు. "ఆ పిల్ల పోస్తే తొంభై ఐదు. నేను పోస్తే వంద. నీళ్లు నీళ్లే గదరా. పెట్టెకు మనిషిని బట్టి మర్యాద ఉంటదా?"

అరుగు మీద నుంచి మాలకొండమ్మ నవ్వింది. "మీ నాయన పోయినా ఆయన చెయ్యి పోలేదు శెట్టీ," అంది.

"ఏందక్కా?"

"కొలిచినాక పోసినావే, అది. నేను కాపరానికొచ్చిన కాడి నుంచి నూనె మీ దుకాణంలోనే తెచ్చుకునింది. కేశవులు శెట్టి కొలపాత్ర వొంపినాక, డబ్బాలోంచి ఇంత తీసి, ఇట్లనే తిప్పి, కొసరు పోసేవాడు. నువ్వు చిన్నప్పుడు ఆయన పక్కన నిలబడి పోసేవాడివి. అదే తిప్పుడు."

"అది కొసరు కాదక్కా," అన్నాడు బావ. "గాజుకు నీళ్లు అంటుకుంటాయి. అవి కూడా రావాలని కడిగి పోస్తా. నూనెకైనా నాయన అందుకే..."

చెయ్యి చాచి సిలిండర్ తీసుకున్నాడు.

సిలిండర్ వంక చూశాడు. తర్వాత మగ్గు తీసుకుని, ముఖం పక్కకు తిప్పి, రోజూ పోసే తీరులోనే ఆ చివరి వొంపు ఖాళీ సిలిండర్‌లోకి పోశాడు. వంగి గీత చూశాడు. ముప్పై రెండు మిల్లీలీటర్లు. గాజుకు అంటుకునే తడి రెండు మూడు చుక్కలు కూడా ఉండదు. కడగడం అని ఆయన అనుకున్నది మూడేళ్లుగా పెట్టెకు పోసిన కొసరు. ఆ అదనపు నీళ్లకు లాగర్ నూట ఐదు చెబితే, పెట్టె ఎక్కువ చెబుతోందని మరలు దించాడు. దోనెలు అంత ఎక్కువ నీళ్లకు గానీ ఒరగకుండా నేర్చుకున్నాయి.

నాకు సిగ్గేసింది. ఆయన చేతులనే చూస్తానని వచ్చినవాణ్ణి, ఆ వొంపు నా కళ్ల ముందే పోశాడు, నేను చూశాను, అయినా నాకు కనబడలేదు. కనబడేదెట్లా? మా ఇళ్లలో అందరూ అట్లాగే పోస్తారు. నేనూ అట్లాగే పోస్తాను. అది అదనం అని తెలియాలంటే సరుకు అవతలి వైపు నిలబడి గిన్నె పట్టుకున్న మనిషి కావాలి.

బావ బడి మెట్టు మీద కూర్చున్నాడు. "నాయన కొనుక్కునే వాళ్లకు కొసరు పోసినాడు. నేను పెట్టెకు పోసినా. ఆ పెట్టె దాన్ని వీళ్ల వానలో నుంచి కోసుకునింది," అన్నాడు. ఆ మాట చెబుతూ మాలకొండమ్మ వైపు చూడలేకపోయాడు.

నాలో ఉన్న దుకాణదారుడికి ఒక ఉపాయం తట్టింది. "బావా, సిలిండరే తప్పని చెప్పు. అట్లాంటిదే తప్పుడు గీతలది ఇంకోటి నేను తెప్పిస్తా. పాతదాన్ని పగలగొట్టి, వాడింది అదేనందాం. నీ మీదికి రాదు," అన్నాను.

ఆయన నన్ను తిట్టలేదు. "నీ చెంబులు నాలుగుసార్లు నీకు తిరిగి తెచ్చినా గదా. ఒక్కసారన్నా కాదన్నావా?" అని అడిగాడు.

"లేదు."

"మరి ఇదీ అంతే. తక్కువ పట్టింది, తిరిగి ఇస్తున్నా."

అక్కడి నుంచే వైష్ణవికి ఫోన్ చేశాడు. తప్పు తన చేతిదని, చేసిన తీరు ఇదని, పెట్టెలకూ సిలిండర్‌కూ దోషం లేదని దాపరికం లేకుండా చెప్పాడు. ఆమె అంతా విని, "రేపు మీ ఇంటికి వస్తా బాబాయ్. మగ్గు, సిలిండర్ అక్కడే ఉంచండి," అంది.

ఆమె తనకు సెలవు చెప్పడానికే వస్తోందని బావ అనుకున్నాడు. నేనూ అనుకున్నాను. మా అక్క మాత్రం పొద్దున్నే గారెలకు పప్పు నానబోసింది. "వచ్చేది ఆడపిల్ల, పని తీసేసినా తినిపోతుంది," అంది.

వైష్ణవి వచ్చి, గారెలు వద్దనకుండా రెండు తిని, బావను వరండాలో బల్ల ముందు కూర్చోబెట్టింది. ఆ వొంపు ఒక్కటే ఇరవైసార్లు పొయ్యమంది. గీతలు చూడకూడదు. తనతో మాట్లాడుతూ పొయ్యాలి. ప్రతిసారీ ఎంత వచ్చిందో తాను కాగితం మీద రాసుకుంటుంది.

బావ పోశాడు. నేను పక్కనుండి అంకెలు చదివాను. ముప్పై రెండు. ముప్పై ఒకటి. ముప్పై రెండు. ముప్పై రెండు. ముప్పై మూడు. మధ్యలో ఆమె మీ నాయన దుకాణం ఎక్కడుండేది అని అడిగింది. గుడి వీధి మలుపులో, ఇప్పుడు సెల్‌ఫోన్ల షాపు ఉన్నచోట అని చెబుతూ పోశాడు. ముప్పై రెండు. ఇరవై అయ్యేసరికి ముప్పై ఒకటికి తగ్గలేదు, ముప్పై మూడుకు మించలేదు. వైష్ణవి పెన్ను కింద పెట్టి ఆయన చేతి వైపు చూస్తూ కూర్చుంది.

"ఏందమ్మా?" అన్నాడు బావ, భయంగా.

"మీరు ఒకసారి ఇరవై, ఒకసారి యాభై పోసివుంటే ఏ ఊళ్లో ఎంత వాన పడిందో ఇంక ఎవరికీ తెలిసేది కాదు బాబాయ్. రికార్డు పారేయాల్సిందే. మీరు మూడేళ్లు, పద్నాలుగు పెట్టెలకు, ఒకే కొసరు పోసినారు. అందుకే అన్నిచోట్లా తొంభై ఐదే వచ్చింది. పాత అంకెలన్నిటినీ అదే లెక్కన పెంచితే చాలు. పడిన వాన పడినట్టు వచ్చేస్తుంది. ఒక్క రోజు కూడా కొట్టెయ్యక్కర్లేదు."

బావ తన కుడి చేతిని తిప్పి చూసుకున్నాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరగడం నేను వాళ్ల నాయన పోయిన రోజు చూశాను, మళ్లీ ఆ రోజు చూశాను. "ఇది మా నాయన చెయ్యమ్మా," అన్నాడు. "ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ పొయ్యగూడదని చెప్పేవాడు. గిన్నె పెద్దదైనా, చిన్నదైనా, మనిషి ఎవరైనా. ఆయన పోసినట్టు వచ్చేదాకా నాతో నీళ్లు పోయించి నేర్పినాడు."

మా అక్క ఇంకో రెండు గారెలు తెచ్చి ఆ పిల్ల పళ్లెంలో వేసింది. వద్దన్నా వేసింది.

కాంట్రాక్టు పొడిగించారు. ఒక్క షరతు పెట్టారు. ఇకమీదట సీలు వేసిన సీసా తప్ప సిలిండర్ వాడకూడదు. పద్నాలుగు పెట్టెల మరలూ తొమ్మిది రోజుల్లో బావ మళ్లీ సరిచేశాడు. అందులో నాలుగింటికి నా వ్యానే పోయింది, నా బేరం చెడింది, అదెవరూ రికార్డులో రాసుకోలేదు. మాలకొండమ్మ ఊళ్లో బావ బడి ముందు నలుగురు రైతులను కూర్చోబెట్టి, వాళ్ల మెసేజ్ ఎందుకు రాలేదో తానే చెప్పాడు. ఒకతను గట్టిగానే నాలుగు మాటలన్నాడు. బావ తలవంచుకుని విన్నాడు. అవి వినవలసిన మాటలే. చివరికి అతనే లేచి పెట్టె చుట్టూ పెరిగిన గడ్డి పీకడానికి సాయం పట్టాడు.

ఒక్కటి మాత్రం మారలేదు. సీసా నీళ్లు ధార వదలగానే బావ చెయ్యి మగ్గు కోసం పోతుంది. ఆపుకోవడం ఆయన వల్ల కావడం లేదు. అందుకని ప్రతి పెట్టె స్తంభానికీ నాలుగడుగుల దూరంలో ఒక కానుగ మొక్క నాటాడు. కొసరు దానికి పోస్తాడు. మొక్క పెరిగితే వాన గరాటుకు అడ్డం వస్తుంది గదా అని నేను అడిగితే, ఎత్తు పెరగకుండా కొమ్మలు కత్తిరిస్తానన్నాడు. ఎంత ఎత్తుకు కత్తిరించాలో కూడా కొలిచి పెట్టుకున్నాడు.

ఈ సంవత్సరం జూన్‌లో తర్లుపాడు వైపు మంచి వాన పడింది. పొద్దున ఏడింటికి నేను బావ వాళ్లింట్లో కాఫీ తాగుతున్నాను. మాలకొండమ్మ నుంచి ఫోన్ వచ్చింది. బావ ఫోన్ బల్ల మీద పెట్టి, మాకూ వినబడేట్టు నొక్కాడు.

"శెట్టీ, మెసేజ్ వచ్చింది. యాభై రెండంట. నేను వేళ్లు పెట్టి చూసినా. పదును దిగింది. ఊరంతా విత్తే గొర్రులు కట్టినారు," అంది.

"సరిపోయిందా అక్కా?"

"సరుకు ముట్టింది శెట్టీ. తూకం సరిపోయింది."

బావ ఆ మాట ఆ రోజు నాకు మూడుసార్లు చెప్పాడు. మొదటిసారి నేనక్కడే కూర్చుని నా చెవులతో విన్నానని ఆయనకు గుర్తు చేయలేదు. మూడోసారి కూడా కొత్తగా వింటున్నట్టే విన్నాను.